కాగితం మనిషి
మథియాస్ సిండెలార్ ఆట, బతుకు



కిందటిసారి మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు సాయంత్రం గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆట మొదలవుతోంది. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ జట్లు పంచుకుంటున్నారు. చివరికి ఏడో తరగతి చదివే బక్క పిల్లవాడు ఒక్కడు మిగిలాడు. "వీడు గాలొస్తేనే పడిపోతాడన్నా, మాకొద్దు" అన్నారు. వాడు ఏమీ మాట్లాడకుండా వెళ్ళి అందరి చెప్పుల దగ్గర కూర్చున్నాడు. మేము కూడా ఒకప్పుడు ఆ చెప్పులకు కాపలా కాసినవాళ్ళమే. అందుకే ఈసారి సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మాకు మొదట ఆ తమ్ముడే గుర్తొచ్చాడు.

ఫుట్‌బాల్ చరిత్రలో గొప్ప సెంటర్ ఫార్వర్డ్‌లలో ఒకరిని అతని సొంత నగరం వాళ్ళే 'కాగితం మనిషి' అని పిలిచేవారు. అంత బక్కగా ఉండేవాడు. అతని పేరు మథియాస్ సిండెలార్. దేశం ఆస్ట్రియా. కాలం మొదటి ప్రపంచ యుద్ధానికీ రెండో ప్రపంచ యుద్ధానికీ మధ్య ఉన్న ఇరవై ఏళ్ళు. అతను ఎక్కడి నుంచి వచ్చాడు, ఎలా ఆడాడు, చివరి రోజుల్లో ఏం జరిగింది అన్నది ఇక్కడ వివరిస్తాం. అతని చుట్టూ చాలా కథలు అల్లుకుని ఉన్నాయి. అందులో రుజువున్న సంగతి ఏది, జనం చెప్పుకునే మాట ఏది అన్నది కూడా విడదీసి చెబుతాం. మా ఇళ్ళలో డిగ్రీ దాటి చదువుతున్న మొదటివాళ్ళం మేమే. పీజీ తరగతి గదిలో మేము నేర్చుకున్న మొదటి పని ఇలా విడదీసి చూడటమే.

ఇటుక బట్టీల పేట

సిండెలార్ 1903 ఫిబ్రవరి 10న మొరావియా ప్రాంతంలోని కోజ్లోవ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. అప్పుడు అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం. నేడు చెక్ దేశంలో ఉంది. ఇంట్లో మాట్లాడేది చెక్ భాష. 1905లో కుటుంబం పని వెతుక్కుంటూ రాజధాని వియన్నాకు వలస వచ్చింది. నగరం దక్షిణాన ఫేవరిటెన్ అనే పేటలో కాపురం పెట్టింది.

ఆ పేటను గురించి కొంచెం చెప్పాలి. వియన్నాలోని పెద్ద పెద్ద మేడలకు ఇటుకలు కాల్చింది అక్కడే. ఆ బట్టీలలో పనిచేసినవారిలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన చెక్ కూలీలు. ఇటుక బట్టీ అంటే ఏమిటో, సీజన్‌కు అక్కడికి వెళ్ళిన ఇళ్ళల్లో పిల్లల చదువు ఏమవుతుందో మనలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు. వియన్నా పెద్దమనుషులు ఆ కూలీలను వాళ్ళ భాషను బట్టి, పనిని బట్టి ఎగతాళిగా పిలిచేవారు. ఆ పేట పిల్లలకు బంతి కొనే డబ్బు లేదు. పాత గుడ్డపేలికలు గుండ్రంగా చుట్టి, కట్టి, దానితోనే వీధుల్లో ఆడేవారు. గుడ్డ బంతి ఎగరదు, సరిగా దొర్లదు. దాన్ని గట్టిగా తన్నినా లాభం లేదు. కాలికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా తోసుకుంటూ పోవాలి. సిండెలార్ కాలికి అంత పనితనం ఎలా వచ్చిందని అడిగితే ముందుగా ఆ గుడ్డ బంతినే చెప్పుకోవాలి.

1917లో తండ్రి యుద్ధంలో చనిపోయాడు. అప్పుడు సిండెలార్ వయసు 14 ఏళ్ళు. తల్లి నలుగురి బట్టలు ఉతికి పిల్లలను పెంచింది. కొడుకు తాళాలు, ఇనుప సామాన్లు చేసే పని నేర్చుకోవడానికి చేరాడు. 15వ ఏట, 1918లో, పేటలోనే ఉన్న హెర్తా క్లబ్బు కుర్రాళ్ళ జట్టులోకి వెళ్ళాడు.

అదే సమయంలో ఆస్ట్రియాలో రెండు మార్పులు జరిగాయి. యుద్ధంలో ఓడి సామ్రాజ్యం ముక్కలైంది, రాజరికం పోయింది. కొత్త ప్రభుత్వం పనిని రోజుకు ఎనిమిది గంటలు చేసింది. ఎనిమిది గంటల పని దినానికీ ఫుట్‌బాల్‌కూ ఏమిటి సంబంధం అనుకుంటున్నారా? కూలివాడికి సాయంత్రం మిగిలింది. ఆదివారం మిగిలింది. ఆ మిగిలిన పొద్దులో అతను మైదానానికి వచ్చాడు, చూడటానికీ ఆడటానికీ. అంతవరకు చదువుకున్న కలవారి కాలక్షేపంగా ఉన్న ఆట కొన్నేళ్ళలోనే వేలమంది చూసే ఆట అయింది. 1924లో వియన్నాలో జీతమిచ్చి ఆటగాళ్ళను పెట్టుకునే లీగ్ మొదలైంది. బ్రిటన్‌ను మినహాయిస్తే యూరప్‌లో అదే మొదటిది. బట్టలుతికే తల్లి కొడుకు ఆటతోనే పొట్ట పోసుకునే వీలు అలా వచ్చింది.

దెబ్బతిన్న మోకాలు

అయితే ఆ దారి మొదట్లోనే మూసుకుపోయేది. 1923లో ఈతకొలను దగ్గర జారిపడి సిండెలార్ కుడి మోకాలు దెబ్బతింది. మోకాలి కీలులో రెండు ఎముకల మధ్య మెత్తలాగా ఉండే మెనిస్కస్ చిరిగింది. ఆ రోజుల్లో ఇలాంటి దెబ్బ తగిలితే ఆటగాడి పని అయిపోయినట్టే. హాన్స్ ష్పిట్సీ అనే డాక్టర్ ఆపరేషన్ చేశాడు. కాలు నిలబడింది. కానీ ఆ తర్వాత సిండెలార్ ఎప్పుడూ ఆ మోకాలికి కట్టు కట్టుకునే ఆడాడు. పాత ఫొటోలలో ఆ కట్టు కనిపిస్తుంది.

ఆ కట్టే అతని ఆటను మార్చిందని చాలామంది రాశారు. సన్నని మనిషి, దెబ్బతిన్న మోకాలు. ఎదుటివాడితో ఢీకొంటే నష్టం తనకే. కాబట్టి ఢీకొనే అవసరం రాకుండా ఆడటం నేర్చుకున్నాడు. డిఫెండర్ దగ్గరకు వచ్చేలోపే బంతిని వదిలేయడం, ఒకవైపు వెళుతున్నట్టు నడుము తిప్పి ఇంకోవైపు వెళ్ళిపోవడం, సందు లేదనుకున్న చోట ఇద్దరి మధ్యలోంచి జారిపోవడం. 'కాగితం మనిషి' అనే పేరులో బక్కతనం ఒక్కటే లేదు. తలుపు సందులోంచి కాగితం దూరిపోయినట్టు దూరిపోతాడనే మెచ్చుకోలు కూడా ఉంది.

1924లో అతను వియన్నా అమెచ్యూర్ క్లబ్బులో చేరాడు. 1926లో ఆ క్లబ్బు పేరు ఆస్ట్రియా వియన్నా అయింది. అది పేటల క్లబ్బు కాదు. డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులు, కాఫీ హోటళ్ళలో కూర్చుని సాహిత్యం మాట్లాడుకునేవారు దాని వెనుక ఉండేవారు. వారిలో యూదులు చాలామంది. ఇటుక బట్టీల పేట నుంచి వచ్చిన కుర్రవాడిని వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. చివరిదాకా అతను ఆ క్లబ్బును విడిచిపెట్టలేదు. ఆ క్లబ్బుతో 1926లో లీగ్, ఐదుసార్లు ఆస్ట్రియా కప్, 1933లోనూ 1936లోనూ మిట్రోపా కప్ గెలిచాడు. మిట్రోపా కప్ అంటే మధ్య యూరప్ దేశాల మేటి క్లబ్బుల పోటీ. 1933 ఫైనల్లో మిలాన్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌ను 2-1తో ఓడిన జట్టు, వియన్నాలో జరిగిన రెండో మ్యాచ్‌ను 3-1తో గెలిచింది. ఆ మూడు గోల్సూ సిండెలార్‌వే.

వెనక్కి వచ్చే సెంటర్ ఫార్వర్డ్

ఇక్కడ కొంచెం ఆట గురించి మాట్లాడుకుందాం. గ్రౌండ్‌లో పుల్లతో గీసుకుని చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆ రోజుల్లో జట్టు 2-3-5 పద్ధతిలో నిలబడేది. వెనుక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. ముందు వరుసలో సరిగ్గా మధ్యన ఉండేవాడు సెంటర్ ఫార్వర్డ్. ఇంగ్లండ్‌లో ఆ స్థానానికి ఎత్తుగా, బలంగా ఉన్నవాడిని ఎంచుకునేవారు. పక్కల నుంచి బంతి గాలిలో వస్తుంది, అతను డిఫెండర్లను నెట్టుకుని తలతో గోల్ కొట్టాలి. అతనికి కాపలాగా ఎదుటి జట్టులో ఒక బలమైన మనిషి ఉంటాడు. అంటే మధ్యలో ఇద్దరు వస్తాదుల కుస్తీ అన్నమాట.

సిండెలార్ ఆ కుస్తీకి రాడు. గోల్ దగ్గర నిలబడకుండా వెనక్కి, మైదానం నడుమకు వచ్చి బంతి తీసుకుంటాడు. ఇప్పుడు అతనికి కాపలా ఉన్నవాడు ఏం చేయాలి? వెంట వస్తే వెనుక పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి సిండెలార్ పక్కన ఆడే షాల్ లాంటివాళ్ళు పరుగెత్తుతారు, బంతి వాళ్ళకు అందుతుంది. వెంట రాకపోతే సిండెలార్‌కు తల ఎత్తి చూసుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఏది చేసినా తప్పే. బలంతో గెలవలేని చోట, బలవంతుడిని అతని చోటు నుంచి కదిలించి గెలవడం ఇది.

ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. జాతీయ జట్టును నడిపిన హ్యూగో మైజల్, అతనికి తోడ్పడిన ఇంగ్లిష్ శిక్షకుడు జిమ్మీ హోగన్, ఇద్దరూ బంతిని నేల మీద చిన్న చిన్న పాసులతో కదిలించడాన్నే నమ్మారు. పదకొండుమందీ ఒకరి కదలిక ఒకరికి తెలిసి ఆడితేనే వెనక్కి వచ్చే సెంటర్ ఫార్వర్డ్ వల్ల లాభం.

ఈ ఆలోచన సిండెలార్‌తో ఆగిపోలేదు. 1953లో లండన్ వెంబ్లీ మైదానంలో హంగరీ 6-3తో ఇంగ్లండ్‌ను ఓడించినప్పుడు హిడెగ్‌కూటి ఇలాగే వెనక్కి వచ్చి ఆడి మూడు గోల్స్ కొట్టాడు. మన హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు కూడా చిన్న పాసులను, ఒకటి రెండు టచ్‌లలో బంతిని వదిలేయడాన్ని నమ్మినవారే. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్‌కు వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచింది.

అద్భుత జట్టు

సిండెలార్ 1926 సెప్టెంబర్ 28న చెకోస్లొవేకియా మీద మొదటిసారి దేశానికి ఆడి గోల్ కొట్టాడు. ఆస్ట్రియా 2-1తో గెలిచింది. మధ్యలో కొంతకాలం మైజల్ అతన్ని పక్కన పెట్టాడు. 1931లో మళ్ళీ తీసుకున్నాడు. ఆ ఏడాది మే 16న వియన్నాలో స్కాట్లాండ్‌తో మ్యాచ్. అంతవరకు బ్రిటన్ బయటి జట్టు ఏదీ స్కాట్లాండ్‌ను ఓడించలేదు. ఆస్ట్రియా 5-0తో గెలిచింది. ఆ తర్వాత ఎనిమిది రోజులకు బెర్లిన్‌లో జర్మనీ మీద 6-0. సెప్టెంబర్‌లో వియన్నాలో అదే జర్మనీ మీద 5-0, అందులో సిండెలార్‌వి మూడు. నవంబర్‌లో స్విట్జర్లాండ్ మీద 8-1. 1932 ఏప్రిల్‌లో హంగరీ మీద 8-2. అందులో షాల్ నాలుగు, సిండెలార్ మూడు కొట్టారు. పత్రికలు ఈ జట్టుకు 'అద్భుత జట్టు' అని పేరు పెట్టాయి.

1932 డిసెంబర్ 7న లండన్‌లో ఇంగ్లండ్‌తో ఆడారు. వియన్నా నడిబొడ్డున హెల్డెన్‌ప్లాట్జ్ అనే పెద్ద చౌక్ ఉంది. అక్కడ లౌడ్‌స్పీకర్లు పెడితే వేలమంది చలిలో నిలబడి రేడియో వ్యాఖ్యానం విన్నారు. హాఫ్‌టైమ్‌కు 2-0తో వెనకబడిన జట్టు చివరికి 4-3 దాకా వచ్చి ఓడింది. ఓడినా ఇంగ్లిష్ పత్రికలు కూడా వాళ్ళ ఆటను మెచ్చుకున్నాయి. ఈ చౌక్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

1934 ప్రపంచ కప్ ఇటలీలో జరిగింది. ఆస్ట్రియా ఫ్రాన్స్‌ను, హంగరీని ఓడించి సెమీఫైనల్‌కు వెళ్ళింది. మిలాన్‌లో ఇటలీతో మ్యాచ్. మైదానమంతా బురద. నేల మీద దొర్లవలసిన పాసులు బురదలో ఆగిపోయాయి. సిండెలార్‌కు కాపలాగా లూయిస్ మోంటి అనే మొరటు ఆటగాడు. ఆస్ట్రియా 1-0తో ఓడింది. మొత్తం మీద సిండెలార్ దేశానికి 43 మ్యాచ్‌లు ఆడాడు.

1938 ఏప్రిల్ 3

1938 మార్చి 12న హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. మార్చి 15న హిట్లర్ నిలబడి ఆస్ట్రియా ఇక జర్మనీలో భాగమని ప్రకటించింది ఆ హెల్డెన్‌ప్లాట్జ్‌లోనే. ఐదేళ్ళ కింద ఆట వినడానికి జనం నిండిన చౌక్, ఈసారి దానికీ నిండింది.

1938 ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన ఆస్ట్రియా జట్టును పోటీ నుంచి తీసేశారు. ఏప్రిల్ 3న వియన్నాలోని ప్రాటర్ స్టేడియంలో ఆస్ట్రియా జట్టుకూ జర్మనీ జట్టుకూ ఒక మ్యాచ్ పెట్టారు. రెండు దేశాల కలయికకు సంబరమని చెప్పారు. వారం తర్వాత, ఏప్రిల్ 10న, ఆ కలయిక మీద ఓటింగ్ ఉంది. అంటే ఆట కంటే ప్రచారం ముఖ్యం.

ఇక్కడ రుజువున్నది ఇది: ఆస్ట్రియా ఆటగాళ్ళు తమ జెండా రంగులైన ఎరుపు, తెలుపు దుస్తుల్లో ఆడారు. మొదటి సగంలో గోల్ లేదు. రెండో సగంలో సిండెలార్ ఒకటి, సెస్టా ఒకటి కొట్టారు. ఆస్ట్రియా 2-0తో గెలిచింది.

ఇక జనం చెప్పుకునేది: గోల్ కొట్టవద్దని పైనుంచి ఆజ్ఞ వచ్చిందని, అందుకే మొదటి సగంలో సిండెలార్ కావాలనే బంతిని పక్కకు తన్ని వెక్కిరించాడని, చివరికి ఆగలేక గోల్ కొట్టి నాజీ అధికారుల ముందు డాన్స్ చేశాడని. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ ఆజ్ఞకు కాగితం ఏదీ దొరకలేదు.

ఆ తర్వాత జర్మనీ కోచ్ సెప్ హెర్బెర్గర్ ఉమ్మడి జట్టులోకి పిలిస్తే సిండెలార్ వెళ్ళలేదు. వయసు, మోకాలు కారణంగా చెప్పాడు. అతనికి 35 ఏళ్ళు నిండాయి, మోకాలు నిజంగానే బాగాలేదు. కానీ ఆ ఏడాది చివరిదాకా క్లబ్బుకు మాత్రం ఆడుతూనే ఉన్నాడు. అతనితో పాటు గోల్ కొట్టిన సెస్టా తర్వాత జర్మనీకి ఆడాడు. సిండెలార్ ఆడలేదు. డాన్స్ సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్కటి రుజువున్న సంగతి. అన్నట్టు, ఆస్ట్రియా ఆటగాళ్ళను కలుపుకుని ప్రపంచ కప్‌కు వెళ్ళిన జర్మనీ మొదటి రౌండ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో ఓడిపోయింది.

కాఫీ హోటల్

ఇంతవరకే చెప్పి ముగిస్తే ఈ వ్యాసం చప్పట్లు కొట్టించుకుంటుంది. కానీ ఇంకో సంగతి ఉంది. దాన్ని దాచితే మేము చదివిన చదువుకు అర్థం లేదు.

నాజీలు వచ్చాక ఆస్ట్రియా వియన్నా క్లబ్బులోని యూదు పెద్దలందరినీ తీసేశారు. అధ్యక్షుడు డాక్టర్ ష్వార్ట్జ్‌ను పలకరించవద్దని ఆటగాళ్ళకు చెప్పారని, సిండెలార్ మాత్రం పలకరిస్తూనే ఉన్నాడని చెబుతారు. అదే సమయంలో ఆస్ట్రియాలో జీతాల ఫుట్‌బాల్‌ను కూడా రద్దు చేశారు. సిండెలార్‌కు బతుకుతెరువు కావలసి వచ్చింది.

1938 వేసవిలో అతను తను పెరిగిన ఫేవరిటెన్‌లోనే ఒక కాఫీ హోటల్ కొన్నాడు. దాని యజమాని లియోపోల్డ్ డ్రిల్ యూదుడు. అప్పుడు యూదుల దుకాణాలను, ఇళ్ళను వాళ్ళ చేత బలవంతంగా అమ్మించి యూదులు కానివారికి కట్టబెట్టే విధానం నడుస్తోంది. ఆ విధానం కిందనే ఈ కొనుగోలు జరిగింది. డ్రిల్ తర్వాత టెరెజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. సిండెలార్ మర్యాదైన ధరే ఇచ్చాడని చాలాకాలం రాశారు. కానీ అమ్మేవాడికి అమ్మను అనే హక్కు లేనప్పుడు మర్యాదైన ధర అనే మాటకు అర్థమేముంది?

ఈ సంగతి మొదట చదివినప్పుడు మాలో మేము చాలాసేపు వాదించుకున్నాం. ఒకరు, ఆ హోటల్ అతను కొనకపోతే ఇంకో నాజీ కొనేవాడు కదా అన్నారు. ఇంకొకరు, మన పెద్దల భూములు పోయినప్పుడు కొన్నవాళ్ళు కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు కదా అన్నారు. ఆ తర్వాత ఎవరమూ మాట్లాడలేదు. జర్మనీకి ఆడనన్న మనిషీ, ఆ హోటల్ కొన్న మనిషీ ఒక్కరే. ఒకటి చెప్పి రెండోది వదిలేయడం అతనికీ న్యాయం కాదు, డ్రిల్‌కు అసలే న్యాయం కాదు.

1939 జనవరి 23

ఆ రోజు వియన్నాలోని అన్నాగాసె వీధిలో ఒక ఇంట్లో సిండెలార్ చనిపోయి కనిపించాడు. పక్కన అతని స్నేహితురాలు కమిల్లా కస్తాన్యోలా స్పృహ లేకుండా ఉంది. ఆమె కూడా తర్వాత చనిపోయింది. కారణం కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు సరిగా కాలనప్పుడు, పొగగొట్టం మూసుకుపోయినప్పుడు పుట్టే విషవాయువు ఇది. రంగు ఉండదు, వాసన ఉండదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను అది పట్టేసుకుంటుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. (చలికాలంలో గది తలుపులు మూసి కుంపటి పెట్టుకునే అలవాటు ఉన్నవారు దయచేసి గమనించండి.)

పోలీసులు ప్రమాదమని తేల్చారు. జనం నమ్మలేదు. నాజీలు చంపారన్నారు, ఆత్మహత్య అన్నారు. ప్రవాసంలో ఉన్న యూదు రచయిత ఫ్రీడ్రిష్ టోర్బెర్గ్ అతని చావు మీద ఒక కవిత రాశాడు. దానివల్ల ఆత్మహత్య కథ బాగా పాకింది. హత్యకు గానీ ఆత్మహత్యకు గానీ గట్టి ఆధారం బయటపడలేదు. అంత్యక్రియలకు మాత్రం వేలాదిమంది వచ్చారు. వియన్నా సెంట్రల్ శ్మశానంలో అతని సమాధి ఉంది, ఫేవరిటెన్‌లో అతని పేరుతో ఒక వీధి ఉంది. 20వ శతాబ్దపు ఆస్ట్రియా మేటి ఫుట్‌బాల్ ఆటగాడిగా అతన్నే ఎన్నుకున్నారు.

తమ్ముళ్ళకు ఒక మాట

సిండెలార్‌ను దేవుణ్ణి చేయమని మేము ఈ వ్యాసం రాయలేదు. మన గోడల మీద ఫొటోలు తగిలించుకోవడానికి అంతకంటే తగిన పెద్దలు మనకున్నారు. వలస కూలీల పేటలో పుట్టి, గుడ్డ బంతితో నేర్చుకుని, పాడైన మోకాలితో, బక్క ఒంటితో, బలవంతుల ఆట తీరునే మార్చిన ఒక మనిషిని చూడమంటున్నాం. అతను చేసిన మంచినీ, చేయకుండా ఉండాల్సిన దాన్నీ రెంటినీ చూడమంటున్నాం.

ఇక జట్లు పంచుకునే కెప్టెన్లకు చిన్న మనవి. ఈసారి ఆ ఏడో తరగతి తమ్ముణ్ణి చివరిదాకా ఆపకండి. గోల్ ముందు నిలబెట్టి తోపులాటలోకి పంపకుండా, కొంచెం వెనక్కి, మైదానం మధ్యలో ఉంచండి. బంతి అతని కాలికి ఇవ్వండి. మీరు ముందున్న ఖాళీలోకి పరుగెత్తండి. ఏం జరిగిందో వచ్చే వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు చెప్పండి. అప్పటిదాకా చెప్పులకు కాపలా ఎవరంటారా? గోల్‌పోస్టు పక్కన వరుసగా పెట్టుకోండి, ఎక్కడికీ పోవు.